లాలాజల గ్రంథిలో అర్ధచంద్రుడు

(చెన్నై టి.నగర్‌లో కొందరు తెలుగువాళ్ళు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం, పశువైద్య విద్యార్థులకు హిస్టాలజీ (కణజాలాల శాస్త్రం) పాఠాలు చెప్పి రిటైరైన ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. మాటల్లో పునరుక్తులు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

మెరీనాలో బళ్ళ మీద పచ్చి మామిడికాయను పల్చటి ముక్కలుగా కోసి, ఉప్పూ కారం చల్లి ఇస్తారు కదా. నేనింకా ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు, ముందు వరసలో ఇద్దరు గుటక మింగారు. నేను చూశాను. (నవ్వులు) ఇక్కడ మామిడికాయ లేదు, దాని వాసన కూడా లేదు, ఉన్నది నా మాట ఒక్కటే. అయినా నోరూరింది. ఆ ఊరిన నీరు ఎక్కడినుంచి వచ్చిందన్నదే ఇవాళ్టి విషయం. ఏ నాడి ఏం చెప్పిందన్న సంగతి తర్వాత. ఆ నీటిని తయారుచేసే చోటు మైక్రోస్కోపు కింద ఎలా ఉంటుందో ముందు చూద్దాం.

పెద్ద గ్రంథులు మూడు జతలు. చెవి ముందు, కొంచెం కిందగా పెరోటిడ్. పుల్లటిది నోట్లో పడగానే జివ్వుమంటుందే, ఆ చోటే. పిల్లలకి గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచేది కూడా అదే. దవడ ఎముక కింద అధోజంభిక గ్రంథి, నాలుక కింద అధోజిహ్విక గ్రంథి. ఈ పేర్లు తెలుగు పాఠ్యపుస్తకాల్లోవి. నేను మాత్రం దవడ కిందిది, నాలుక కిందిది అంటాను, నోరు తిరుగుతుంది. ఇవికాక పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో సన్న గ్రంథులు ఆరువందల నుంచి వెయ్యి దాకా ఉంటాయి. నాలుకతో కింది పెదవి లోపలి వైపు తడిమి చూడండి, రవ్వ గింజల్లా తగులుతాయి. ఇప్పుడొద్దు, ఇంటికెళ్ళాక. (నవ్వులు)

పెరోటిడ్ నుంచి నోట్లోకి వచ్చే గొట్టాన్ని స్టెన్సెన్ నాళం అంటారు. 1660లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నీల్స్ స్టెన్సెన్ అనే డేనిష్ కుర్రవాడు ఒక గొర్రె తలకాయ కోసి చూస్తుంటే దొరికింది. అప్పటికి అతనికి 22 ఏళ్ళు. అతను ఎవరింట్లో ఉండి చదువుకుంటున్నాడో ఆ గురువుగారు, బ్లాసియస్, అది ముందు కనుక్కున్నది తానేనన్నాడు. పెద్ద తగాదా అయింది. చివరికి పేరు శిష్యుడికే నిలిచింది. ఇదే స్టెన్సెన్ తర్వాతి రోజుల్లో రాతి పొరల్లో కిందిది పాతది, పైది కొత్తది అని సూత్రం చెప్పి భూగర్భశాస్త్రానికి పునాది వేశాడు. గొర్రె తలకాయతో మొదలుపెట్టి ఎక్కడి దాకా వెళ్ళాడో చూడండి.

ఇప్పుడు గాజుపలక మీదికి వద్దాం. స్లైడు ఎలా చేస్తామో చెప్పకుండా ఏం కనిపిస్తుందో చెప్పడం నాకు ఇష్టం ఉండదు. ఎందుకో మీకే తెలుస్తుంది. గ్రంథిలో చిన్న ముక్క తీసి ఫార్మలిన్‌లో వేస్తాం. అది కుళ్ళకుండా ఎక్కడిదక్కడ బిగుసుకుంటుంది. తర్వాత ఆల్కహాల్‌లో నీరంతా తీసేసి, మైనంలో దించి, ఐదు మైక్రాన్ల మందంలో కోస్తాం. మన తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అప్పుడు రెండు రంగులు వేస్తాం. హెమటాక్సిలిన్ నీలం, ఇయోసిన్ గులాబీ. మొదటిది మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు మానులోంచి తీసేది. ఒకప్పుడు బట్టలకి అద్దిన రంగే అది.

1978 వేసవిలో నేను చేసిన మొదటి లాలాజల గ్రంథి స్లైడు కథ చెప్పాలి. పెరంబూరు కబేళాకి వెళ్ళి గేదె దవడ కింది గ్రంథి ముక్క తీసుకున్నాను. సీసాలో ఫార్మలిన్ పట్టుకెళ్ళడం మర్చిపోయాను. స్టీలు డబ్బాలో పెట్టి, వైరు బుట్టలో వేసుకుని బయల్దేరాను. కాలేజీ ఎంతో దూరం లేదు. కానీ దారిలో పురసవాక్కంలో మా పిన్ని ఇల్లు. ఎండగా ఉంది, ఒక్క ముద్ద తినేసి వెళ్దామనుకున్నాను. పులిహోర చేసింది. మూడు గంటలు కూర్చున్నాను. ఆ డబ్బా అంతసేపూ వంటింటి గట్టు మీదే ఉంది. అందులో ఏముందో పిన్నికి చెప్పింది పదేళ్ళ తర్వాత. (నవ్వులు) స్లైడు తయారయ్యాక మా ప్రొఫెసర్‌గారు మైక్రోస్కోపులో కన్నుపెట్టి చూసి, తలెత్తకుండానే అన్నారు: "ఇది గ్రంథి కాదమ్మా, గంజి." కణాల హద్దులు చెరిగిపోయాయి, కేంద్రకాలు కరిగిపోయాయి. ప్రతి కణంలోనూ అరిగించే రసాలుంటాయి. రక్తం ఆగిన క్షణం నుంచి తనని తనే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. పులిహోర అయ్యేదాకా ఆగదు.

మంచి స్లైడులో ఏం కనిపిస్తుంది? ద్రాక్ష గుత్తి. కాడలు నాళాలు, పళ్ళు రసం తయారుచేసే కణాల ముద్దలు. ఒక్కో ముద్దని ఎసినస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకి ద్రాక్షపండు అనే అర్థం. ఒక్క పండుని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందంటే, బత్తాయిని అడ్డంగా కోసినట్టు. తొనలు కణాలు. మధ్యలో తొనల మొనలన్నీ కలిసేచోట సన్నటి రంధ్రం. రసం ఆ రంధ్రంలోకే కారుతుంది.

తొనలు రెండు రకాలు. ఒకటి సీరస్. వెలుపలి వైపు ముదురు నీలం, లోపలి వైపు ఎర్రటి రేణువులు, కేంద్రకం గుండ్రంగా ఉంటుంది. నీలం ఎందుకంటే ప్రొటీన్ తయారుచేసే యంత్రాంగమంతా అడుగున గుట్టగా ఉంటుంది, హెమటాక్సిలిన్ దాన్ని పట్టుకుంటుంది. ఎర్ర రేణువులు తయారైన సరుకు. గుమ్మం దగ్గర మూటలు కట్టి, ఆర్డరు రాగానే పంపడానికి సిద్ధంగా పెట్టారన్నమాట. రెండోది మ్యూకస్. ఇది ఉడికిన సగ్గుబియ్యంలా ఉంటుంది, తెల్లగా, పారదర్శకంగా. కడుపు నిండా జిగురు నింపుకుని, పాపం కేంద్రకాన్ని అడుగుకి నొక్కేసి బల్లపరుపు చేసేస్తుంది. మామూలు రంగుల్లో ఈ కణం వట్టిదిలా కనిపిస్తుంది. మొదటి ఏడాది విద్యార్థులు దాన్ని కొవ్వు కణం అని రాస్తారు. పాస్ అనే ఇంకో రంగు వేస్తే ఆ జిగురంతా ముదురు గులాబీ రంగులో భగ్గుమంటుంది.

మనిషిలో పెరోటిడ్ పూర్తిగా సీరస్, పల్చటి రసం. నాలుక కిందిది ఎక్కువగా మ్యూకస్. దవడ కిందిది రెండూ కలిసినది, సీరస్ పాలు ఎక్కువ. కుక్కలో ఆ దవడ కిందిదే తిరగబడి, ఎక్కువగా మ్యూకస్ అవుతుంది. కుక్కని చూస్తే ఎందుకో అర్థమవుతుంది. అది నమలదు, మింగుతుంది. పెద్ద ముక్క గొంతులో జారాలంటే జిగురు కావాలి. దాని లాలాజలంలో పిండిని అరిగించే అమైలేజ్ కూడా ఉండదనే చెప్పాలి. మనం అన్నం ముద్ద కాసేపు నములుతూ ఉంటే తియ్యబడుతుంది కదా, అది అమైలేజ్ పని. కుక్కకి పెరుగన్నం పెడుతున్నవాళ్ళు మీలో ఉంటే, అది దానికి నోట్లో తియ్యబడదని గుర్తుంచుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆవు పెరోటిడ్ కూడా సీరసే. మనిషిదీ ఆవుదీ పక్కపక్కన పెడితే కొత్తవాళ్ళకి ఒకలాగే ఉంటాయి. కానీ ఆవు లాలాజలంలో అమైలేజ్ లేదు. అది తయారుచేసేది దాదాపు సోడా నీళ్ళు, బైకార్బొనేటూ ఫాస్ఫేటూ కలిసిన నీళ్ళు. అదీ ఎంత? మనకి రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర. ఆవుకి వంద లీటర్ల పైమాటే, నూట యాభై దాకా పోతుంది. మన ఇళ్ళకి వచ్చే ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను లెక్కలో రోజుకి ఐదు నుంచి ఏడున్నర క్యాన్లు. పైగా మనకి నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, ఆవు పెరోటిడ్ మాత్రం రాత్రింబవళ్ళు కారుతూనే ఉంటుంది. ఎందుకంటే దాని మొదటి పొట్టలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతూ ఆమ్లం తయారుచేస్తుంటాయి, ఆ ఆమ్లాన్ని విరవాలి. ఎంత నెమరువేస్తే అంత లాలాజలం. మన ఊళ్ళో కల్యాణమండపాల వెనక ఆవులకి మిగిలిన అన్నం కుమ్మరిస్తారే, పుణ్యం అనుకుంటారు. అన్నానికి నెమరు అక్కర్లేదు, లాలాజలం అంతగా రాదు, ఆమ్లం మాత్రం ఒక్కసారిగా పుడుతుంది. సంక్రాంతి మర్నాడు పొట్ట ఉబ్బి, లేవలేక పడుకున్న ఆవుని చూడని పశువైద్యులు మద్రాసులో ఉండరు. నిజంగా పుణ్యం కావాలంటే గడ్డి వెయ్యండి.

కొంచెం పక్కకెళ్ళాను, క్షమించండి. ఈ విషయం వస్తే ఆగలేను.

ఇక అర్ధచంద్రుడు. రెండు రకాల కణాలూ ఉన్న గ్రంథిలో ఒక అందమైన దృశ్యం కనిపిస్తుంది. మధ్యలో సగ్గుబియ్యం లాంటి మ్యూకస్ కణాలు, వాటి బయటి అంచుకి ముదురు రంగు సీరస్ కణాలు నెలవంకలా అతుక్కుని ఉంటాయి. 1865లో జానూజీ అనే ఇటాలియన్ దీన్ని వర్ణించాడు. డెమిలూన్, అంటే అర్ధచంద్రుడు అన్నారు. అప్పటినుంచి ప్రతి పుస్తకంలో ఆ బొమ్మ ఉంది. నేనూ చదివాను, గీశాను, ముప్ఫై ఏళ్ళు గీయించాను. గీయనివాళ్ళకి మార్కులు కోశాను.

కానీ ఒక ప్రశ్న ఉంది. రసం కారాల్సిన రంధ్రం మధ్యలో ఉంది. సీరస్ కణం ఎక్కడో బయట, మ్యూకస్ కణాల వీపుల వెనక ఉంది. దాని సరుకు మధ్యలోకి ఎలా వస్తుంది? కణాల సందుల్లో సన్నటి కాలువలు ఉన్నాయి, వాటిగుండా వస్తుందని చెప్పేవాళ్ళం. కాలువలు ఉన్నమాట నిజమే. అడిగిన విద్యార్థి నోరు మూసుకునేవాడు. నేనూ ఇంకేం అడగకుండా తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయేదాన్ని.

1999లో జపాన్ పరిశోధకులు ఎలుక నాలుక కింది గ్రంథిని ఫార్మలిన్ లాంటి మందుల్లో వెయ్యకుండా, రెప్పపాటులో గడ్డకట్టించి చూశారు. అర్ధచంద్రుడు లేడు. సీరస్ కణాలు మ్యూకస్ కణాల పక్కన ఒకే వరసలో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. అందరి మొనలూ రంధ్రం దాకా చేరాయి. మరి ఇంతకాలం చూసిందేమిటి? మందు నెమ్మదిగా లోపలికి దిగుతుంటే, మ్యూకస్ కణాల్లోని జిగురు నీరు పీల్చుకుని ఉబ్బిపోతుంది. సిటీ బస్సులో ఇద్దరు కూర్చునే సీటు మీద ఒక భారీ మనిషి సర్దుకుని కూర్చుంటే పక్కనున్న సన్నటివాడు ఎక్కడికి పోతాడు? సగం గాల్లో, సీటు అంచున. సీరస్ కణం పరిస్థితి అదే. ఉబ్బిన కణాల మధ్య నలిగి, బయటికి నెట్టబడి, నెలవంకలా వంగింది. అంటే మనం నూట ముప్ఫై ఏళ్ళు గ్రంథిని గీస్తున్నామనుకుని, ఫార్మలిన్ చేసిన పనిని గీశాం.

ఆ పేపరు చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదంటే అతిశయోక్తి అనుకోకండి. గేదె గ్రంథిని ఎండలో పెట్టి పాడుచేస్తే తప్పు అందరికీ కనిపించింది, గంజి అన్నారు. ఇది శుభ్రంగా, అందంగా, ప్రతిసారీ ఒకేలా వచ్చే తప్పు. అలాంటిదాన్ని గంజి అనే ప్రొఫెసర్ ఎక్కడ దొరుకుతాడు?

ఆ ద్రాక్షపళ్ళ బయట ఇంకో కణం ఉంటుంది. వంటింట్లో ఉట్టి చూసినవాళ్ళు ఎందరున్నారు? చేతులు ఎత్తండి. పర్లేదు, చాలామందే ఉన్నారు. కుండని తాళ్ళు ఎలా చుట్టుకుంటాయో, అలా ఈ కణం తన చేతులతో ఎసినస్‌ని చుట్టుకుని ఉంటుంది. పేరు మయోఎపిథీలియల్ కణం. కండరంలా ముడుచుకుంటుంది, కానీ పుట్టుకలో కండరం కాదు, చర్మం జాతిది. అది ముడుచుకున్నప్పుడు లోపలి రసం నాళంలోకి తోసుకొస్తుంది. మామూలు స్లైడులో దాని కేంద్రకం తప్ప ఏమీ కనిపించదు.

నాళాల్లో నాకు ఇష్టమైనది ఒకటుంది, గీతల నాళం. దాని కణాల అడుగు భాగం నిలువు గీతలు గీసినట్టు ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, కణం పొర లోపలికి మడతలు మడతలుగా పోయి, ఆ మడతల మధ్య మైటోకాండ్రియా నిలబెట్టిన అగరొత్తుల్లా వరసగా ఉంటాయి. మైటోకాండ్రియా అంత దట్టంగా ఉన్నాయంటే అక్కడ శక్తి బాగా ఖర్చవుతోందని అర్థం. ఏం పని? ఉప్పు తియ్యడం. ఎసినస్ తయారుచేసే రసం మన రక్తద్రవమంత ఉప్పగా ఉంటుంది. గీతల నాళంలో నడుస్తుండగా సోడియం, క్లోరైడు వెనక్కి లాగేసుకుంటుంది, కొంచెం పొటాషియం, బైకార్బొనేటు ఇస్తుంది. నీటిని మాత్రం గోడ దాటనివ్వదు. మన ఇళ్ళల్లో ఆర్వో మిషన్ పొర గుండా నీటిని నెట్టి ఉప్పుని వెనక ఉంచుతుంది. ఇది నీటిని ఉంచి ఉప్పుని లాగుతుంది. చివరికి నోట్లోకి వచ్చేది చప్పటి నీరు. ఆ నీరు ఉప్పగా ఉంటే పప్పులో ఉప్పు తగ్గిందని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఇంటిల్లాళ్ళకి అదే బాగుండేదేమో. (నవ్వులు)

రసం వేగంగా పారితే ఉప్పు లాగే తీరిక ఉండదు, కాబట్టి ధారగా ఊరినప్పుడు లాలాజలం కొంచెం ఉప్పు ఎక్కువగా ఉంటుంది. మేతలో ఉప్పు చాలని ఆవులో ఆల్డోస్టిరాన్ అనే హార్మోను ఈ నాళాన్ని ఇంకా గట్టిగా పనిచేయిస్తుంది. లాలాజలంలో సోడియం పడిపోయి పొటాషియం పెరుగుతుంది. అందుకే పశువుకి ఉప్పు చాలుతోందో లేదో తెలుసుకోవడానికి నోట్లోంచి లాలాజలం తీసి చూస్తారు.

చుండెలుక గురించి చెప్పకపోతే కథ పూర్తవదు. దాని దవడ కింది గ్రంథిలో, మనకి లేని ఇంకో నాళం ఉంటుంది, రేణువులతో కిక్కిరిసి. మగదాంట్లో పెద్దవి, ఆడదాంట్లో చిన్నవి. స్లైడు చూసి అది మగో ఆడో చెప్పెయ్యవచ్చు. రీటా లెవీ మోంటాల్చీనీ, స్టాన్లీ కోహెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నాడులని పెంచే ఒక పదార్థం కోసం వెతుకుతున్నారు. ఒక ప్రయోగంలో సహాయంగా పాము విషం వాడితే, ఆ విషంలోనే ఆ పదార్థం దండిగా ఉన్నట్టు తేలింది. అప్పుడు కోహెన్ ఆలోచించాడు: పాముకి విషగ్రంథి అంటే మనకి లాలాజల గ్రంథి లాంటిదే కదా, ఎలుకలో చూద్దాం. చూస్తే మగ చుండెలుక గ్రంథిలో కుప్పలుగా దొరికింది. ఆ రసాన్ని పసి ఎలుకలకి ఎక్కిస్తే, అవి రావాల్సిన రోజుకన్నా ముందే కళ్ళు తెరిచాయి. అది ఇంకో పదార్థం పని. చర్మకణాలని పెంచేది. ఇద్దరికీ 1986లో నోబెల్ ఇచ్చారు. కళ్ళు తెరవడం లాంటి చిన్న విషయాన్ని పట్టించుకోకుండా వదిలేసి ఉంటే ఆ రెండోది దొరికేది కాదు.

గ్రంథి సందుల్లో ప్లాస్మా కణాలు కూర్చుని రోగనిరోధకాలని లాలాజలంలోకి పంపుతుంటాయి. వయసు పెరిగేకొద్దీ పెరోటిడ్‌లో కొవ్వు కణాలు చేరతాయి. స్లైడు చూస్తే మనిషి వయసు కూడా కాస్త తెలిసిపోతుంది. నాది మాత్రం చూపించను. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు.

టెన్షన్ పడితే నోరెందుకు ఎండిపోతుందని అడుగుతున్నారు ఈయన. భయం నాడులు గ్రంథిని మూసేస్తాయని చాలామంది అనుకుంటారు. అలా కాదు. నీరు ఎక్కువగా ఊరించే నాడులకి మెదడులో ఒక కేంద్రం ఉంది. భయం వేసినప్పుడు పై మెదడు ఆ కేంద్రాన్ని అణిచేస్తుంది, ఆర్డరు ఆగిపోతుంది. గ్రంథి బాగానే ఉంది, మూటలు కట్టే ఉన్నాయి, పిలిచేవాళ్ళు లేరు. జలుబు మాత్రలు కొన్ని వేసుకున్నా నోరు ఎండుతుంది, అక్కడ పిలుపు గ్రంథి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది.

చెప్పండమ్మా. తమ్ముడికి దవడ కింద రాయి ఉందన్నారు, అన్నం ముందు కూర్చుంటేనే వాస్తోందని. సరిగ్గా చెప్పారు. లాలాజల గ్రంథుల్లో రాళ్ళు ఎక్కువభాగం దవడ కిందిదాంట్లోనే వస్తాయి. దాని నాళం పొడుగు, పైగా కింద నుంచి పైకి ఎక్కాలి. రసంలో జిగురు పాలు కూడా ఉంది. కంచం చూడగానే కణాలు పని మొదలుపెడతాయి. దారి మూసుకుపోయింది, రసానికి పోవడానికి చోటు లేదు, వాస్తుంది. కాసేపటికి తగ్గుతుంది కదా అని ఊరుకోకండి. ఒకసారి నోటి సర్జన్‌కి చూపించండి.

వెనక నిలబడ్డ అమ్మాయి, గట్టిగా అడుగు తల్లీ. బీడీఎస్ మొదటి ఏడాదట. "మేడం, డెమిలూన్ నిజం కాదన్నారు కదా, వచ్చే నెల మాకు పరీక్ష. బొమ్మ వెయ్యాలా, వద్దా?"

(పెద్దగా నవ్వులు)

వెయ్యమ్మా. నీట్‌గా వెయ్యి, మార్కు పోగొట్టుకోకు. బొమ్మ కింద మాత్రం చిన్న అక్షరాలతో, "ఫార్మలిన్‌లో ఉంచిన తర్వాత" అని రాయి. పరీక్షకుడు ఎందుకు రాశావని అడిగితే ఇవాళ నేను చెప్పింది ఆయనకి చెప్పు. అడగకపోతే ఊరుకో.